గెంతే శవాలు, నవ్వే జనాలు



చరిత్ర ప్రసంగం అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు రావడం సహజం. ఈరోజు వాటి జోలికి పోవడం లేదు. దయ్యాల గురించి, అదీ నవ్వించే దయ్యాల గురించి మాట్లాడుకుందాం. 1980లలో హాంగ్‌కాంగ్‌లో ఒక తరహా సినిమాలు వరసగా వచ్చాయి. వాటిలో చచ్చిపోయినవాళ్లు శవపేటికల్లోంచి లేచి, రెండు చేతులూ ముందుకు చాచి, కాళ్లు రెండూ కూడదీసుకుని గెంతుతూ మనుషుల మీదకు వస్తారు. వాళ్లను అదుపు చేయడానికి ఒక గురువు ఉంటాడు. ఆయనకు ఇద్దరు తుంటరి శిష్యులు. మంత్రం కొంత, కుంగ్‌ఫూ కొంత, మిగిలినదంతా నవ్వు. భయపడి కళ్లు మూసుకున్న పిల్లవాడు మరుక్షణమే పకపకా నవ్వుతాడు. ఆ సినిమాల తీరు అది.

"మాష్టారూ, పాఠాలు చెప్పుకునే మీకు ఈ దయ్యాల గోల ఎందుకండీ?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నవ్వించేది ఏదైనా తేలికైన సరుకని మనకు ఒక అలవాటుంది. పద్యనాటకం చూసి వచ్చినవాణ్ణి గౌరవంగా పలకరిస్తాం. పగటివేషం చూసి వచ్చినవాణ్ణి "పనిలేదా?" అంటాం. అయితే ఈ గెంతే శవాల సినిమాల వెనక మూడు చరిత్రలు ఉన్నాయి. ఒకటి నమ్మకానిది, ఒకటి భాషది, ఒకటి విద్యది. మూడూ సొంత ఊరు వదిలి వచ్చిన మనుషుల చరిత్రలే. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, సిరొంచలోనో, యానాంలోనో కూర్చుని ఈ ప్రసంగం వింటున్న మనకు ఆ సంగతి ఇంకాస్త దగ్గరగా తోస్తుందని నా నమ్మకం.

ముందుగా ఈ దయ్యం ఎలాంటిదో చూద్దాం. చైనా భాషలో దీని పేరు జియాంగ్‌షి. జియాంగ్ అంటే బిగుసుకుపోయినది, షి అంటే శవం. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కట్టెలా బిగుసుకుంటుందని మనందరికీ తెలుసు. అలా కట్టెబారిన శవం లేస్తే మోకాళ్లు వంగవు, మోచేతులు వంగవు. మరి ఎలా నడుస్తుంది? గెంతాలి. ఆ గెంతు వెనక ఉన్న తర్కం అంతే.

పడమటి దేశాల రక్తపిశాచి వేరు. ఐర్లండు రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో డ్రాక్యులా నవల రాశాడు. అందులోని పిశాచి జమీందారు. కోట ఉంది, మర్యాద ఉంది, మాటకారితనం ఉంది. చైనావారి జియాంగ్‌షికి ఇవేవీ లేవు. మాట్లాడలేదు, ఆలోచించలేదు. మనిషి ఊపిరిని పసిగట్టి మీదకు వస్తుంది. అందుచేత ఊపిరి బిగబట్టితే అది మనల్ని కనిపెట్టలేదు. మంత్రం రాసిన పసుపుపచ్చ కాగితం నుదుట అంటిస్తే ఉన్నచోటనే ఆగిపోతుంది. కాగితం ఊడిందా, మళ్లీ కదులుతుంది. దాని గోళ్లు గుచ్చుకున్నవాడికి వైద్యం జిగురు బియ్యం, అంటే వండితే బంకలా అంటుకునే రకం బియ్యం. ఈ నియమాలన్నీ మనసులో పెట్టుకోండి. నవ్వంతా వీటిలోనే ఉంది.

ఈ నమ్మకం సినిమావాళ్లు పుట్టించింది కాదు. పు సాంగ్లింగ్ అనే రచయిత 1640లో పుట్టి 1715లో కాలం చేశాడు. ఆయన పోగుచేసి రాసిన వింతకథల గ్రంథం ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1766లో అచ్చయింది. అందులో రాత్రివేళ శవం లేచి బాటసారులను తరిమే కథ ఒకటుంది. 18వ శతాబ్దంలోనే యువాన్ మెయి, జీ యూన్ అనే మరి ఇద్దరు పండితులు కూడా ఇలాంటి కథలను గ్రంథస్థం చేశారు. వీళ్లు ఊరూపేరూ లేని కథకులు కారు. యువాన్ మెయి పేరుమోసిన కవి. జీ యూన్ చక్రవర్తి కొలువులో పెద్ద ఉద్యోగి. దయ్యం కథ చెప్పడం వాళ్లకు చిన్నతనం అనిపించలేదు.

ఇక్కడ మనకు సంబంధించిన విశేషం ఒకటి ఉంది. శవంలో దూరి దాన్ని లేపే భూతాన్ని మనం బేతాళుడు అంటాం. సంస్కృతంలో వేతాళుడు. ఈ మాట బౌద్ధ గ్రంథాలతోపాటు చైనాకు చేరింది. కుమారజీవుడు 406లో చైనా భాషలోకి అనువదించిన సద్ధర్మ పుండరీక సూత్రంలో, మనుషులను పీడించే భూతాల జాబితాలో వేతాళుడి పేరు కూడా ఉంది. చైనా బౌద్ధులు దానికి "శవాన్ని లేపే దయ్యం" అని అర్థం చెప్పుకున్నారు. జియాంగ్‌షి మన బేతాళుడి మనుమడని నేను చెప్పడం లేదు. అలా చెప్పడానికి ఆధారం చాలదు. కానీ శవాన్ని భుజాన వేసుకుని నోరు మెదపకుండా నడిచే విక్రమార్కుడి కథ విన్న మనకు, శవం ముందు ఊపిరి బిగబట్టి నిలబడే చైనా కుర్రవాడు కొత్తవాడిలా కనిపించడు. అక్కడ మౌనం తప్పితే శవం చెట్టెక్కుతుంది. ఇక్కడ ఊపిరి వదిలితే మీద పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. శవం ఎందుకు గెంతుతూ ప్రయాణం చేయాలి? ఎక్కడికి పోవాలి?

చైనాలో హునాన్ రాష్ట్రం పడమటి భాగం కొండల ప్రాంతం. అక్కడ ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. కూలికోసమో, వ్యాపారంకోసమో దూరదేశం వెళ్లినవాడు అక్కడే పోతే, వాణ్ణి సొంత ఊరి మట్టిలో, తాతముత్తాతల పక్కన పాతిపెట్టాలి. లేకపోతే ఆత్మకు శాంతి ఉండదు. బండి కట్టించే స్తోమత లేని కుటుంబం ఏం చేస్తుంది? మంత్రగాణ్ణి పిలుస్తుంది. ఆయన శవాలను వరసలో నిలబెట్టి, గంట వాయిస్తూ ముందు నడుస్తాడు. శవాలు గెంతుతూ వెనక వస్తాయి. ప్రయాణం రాత్రిపూటే. గంట చప్పుడు వినగానే దారిలోవాళ్లు తప్పుకోవాలి. దీనికి కొందరు చెప్పే వివరణ ఇది: శవాలను రెండు పొడవాటి వెదురుబొంగులకు నిలువుగా కట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోసేవారట. నడుస్తుంటే వెదురు ఊగుతుంది కదా. ఆ ఊపుకు శవాలు పైకీ కిందికీ ఆడుతుంటే, చీకట్లో దూరంనుంచి చూసినవాళ్లకు గెంతుతున్నట్టు కనిపించేదట.

ఐతిహ్యం సంగతి అలా ఉంచండి. పోయినవాళ్లను ఇంటికి చేర్చాలన్న తపన మాత్రం కాగితాల మీద రుజువున్న చరిత్ర. 19వ శతాబ్దంలో లక్షలాది చైనీయులు అమెరికాకు, ఆస్ట్రేలియాకు, ఆగ్నేయాసియాకు పనులకోసం వెళ్లారు. అక్కడ పోయినవారి అస్థికలను, శవపేటికలను ఓడల్లో హాంగ్‌కాంగ్‌కు పంపేవారు. అక్కడినుంచి వారి వారి ఊళ్లకు చేర్చే బాధ్యతను 1870లో స్థాపించిన టుంగ్ వా అనే ధర్మాసుపత్రి తీసుకుంది. శవపేటికలు కొన్నాళ్లు ఆగడానికి 1899లో ఊరి పడమటి అంచున, సముద్రానికి దగ్గరగా ఒక విడిది కట్టారు. బంధువులు వచ్చి తీసుకుపోయేదాకా పోయినవాళ్లు అక్కడ ఉంటారన్నమాట. 1949 తరువాత చైనా సరిహద్దు బిగుసుకోవడంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఇంటికి పోవలసిన ఎందరో అక్కడే ఉండిపోయారు. ఆ విడిది భవనాలు నేటికీ ఉన్నాయి.

ఇది గుర్తుపెట్టుకుని చూస్తే గెంతే శవం మరోలా కనిపిస్తుంది. అది మనల్ని పీక్కుతినడానికి పుట్టిన రాక్షసి కాదు. ఊరు చేరని బాటసారి. మన పెద్దలు కూడా ఎన్నో తరాల కిందట ఎడ్లబండ్ల మీద ఎక్కడెక్కడినుంచో ఈ నేలకు వచ్చినవారే. "మన ఊరు అసలు ఫలానా" అని ముసలివాళ్లు ఎన్నడూ చూడని ఊరి పేరు చెప్పడం మనలో ఎంతమంది వినలేదు?

రెండో చరిత్ర భాషది. హాంగ్‌కాంగ్ ద్వీపం 1842లో బ్రిటిష్‌వారి చేతికి వెళ్లింది. పాలన ఇంగ్లీషులో. పొరుగున చైనాలో అధికార భాష మాండరిన్. వీధిలో, ఇంట్లో, మార్కెట్లో జనం మాట్లాడేది కాంటనీసు. పైన ఒక భాష, పక్కన ఒక భాష, నోట్లో ఒక భాష. సరిహద్దు జిల్లాలవాళ్లకు ఈ పరిస్థితి నేను విడమరచి చెప్పనక్కరలేదు. 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాం శ్రోతలకైతే మరీను. 1945లో హాంగ్‌కాంగ్ జనాభా సుమారు 6 లక్షలు. యుద్ధాలు, కల్లోలాల వల్ల చైనానుంచి జనం తరలిరాగా 1950ల మొదటికే అది 20 లక్షలు దాటింది.

ఆ ఊళ్లో సినిమా పరిశ్రమ పెద్దది. అయితే 1960ల చివరికి పెద్ద కంపెనీలన్నీ మాండరిన్ చిత్రాలే తీశాయి. రంగులు, భారీ సెట్లు, పెద్ద తారలు ఆ భాషకే. కాంటనీసు సినిమా చిక్కిపోయింది. చివరికి 1972లో హాంగ్‌కాంగ్‌లో ఒక్క కాంటనీసు చిత్రం కూడా రాలేదు. ఊళ్లో ఎక్కువమంది మాట్లాడే భాషకు ఆ ఊరి తెర మీద చోటు లేకుండా పోయింది.

దాన్ని తిరిగి నిలబెట్టింది ఏ పౌరాణికమో, చారిత్రకమో కాదు. హాస్యం. 1973లో వచ్చిన "72 కుటుంబాల లోగిలి" అనే కాంటనీసు చిత్రం ఒక ఇరుకు లోగిట్లో అద్దెకుండేవాళ్ల తగాదాలు, తంటాలు చూపింది. ఆ ఏడు హాంగ్‌కాంగ్‌లో బ్రూస్ లీ నటించిన "ఎంటర్ ది డ్రాగన్" కంటే ఎక్కువ వసూలు చేసింది. 1974నుంచి హుయి అన్నదమ్ములు, మైకేల్, రికీ, శామ్యూల్, సామాన్యుడి నోటిభాషతో వరసగా హాస్యచిత్రాలు తీశారు. జనం తమ వీధి మాట తెర మీద విని నవ్వుకున్నారు. ఈ ముగ్గురిలో రికీ హుయిని గుర్తుంచుకోండి. కాసేపట్లో మళ్లీ వస్తాడు.

మూడో చరిత్ర విద్యది. చైనాలో సంగీతం, నటన, గారడీ, కత్తిసాము అన్నీ కలిసిన ఒక నాటకకళ ఉంది. పీకింగ్ నాటకం అంటారు. ఉత్తరాదినుంచి వలస వచ్చిన కొందరు గురువులు హాంగ్‌కాంగ్‌లో దానికి పాఠశాలలు పెట్టారు. పేద తల్లిదండ్రులు పిల్లలను ఏళ్ల తరబడి ఒప్పందం మీద అక్కడ విడిచిపెట్టేవారు. తెల్లవారకముందే లేవడం, తలకిందులుగా నిలబడడం, పిల్లిమొగ్గలు, తప్పు చేస్తే బెత్తం దెబ్బలు. యు జిమ్-యువెన్ అనే గురువు శిష్యులే సామో హంగ్, జాకీ చాన్, యువెన్ బియావ్, యువెన్ వా. మరొక పాఠశాలలో ఒక గురుపత్ని కాదు, స్వయంగా గురువే అయిన ఫన్ గుక్-ఫా అనే మహిళ దగ్గర శిక్షణ పొందినవాడు లామ్ చింగ్-యింగ్. సన్నగా ఉండేవాడు కాబట్టి రంగస్థలం మీద ఆడవేషాలు కట్టేవాడు. స్త్రీవేషానికి మన కూచిపూడిలో, మన నాటకాల్లో ఎంత సాధన కావాలో మీకు తెలుసు. నడక, చూపు, వేలి కదలిక అన్నీ కొలత ప్రకారం ఉండాలి.

ఈ పిల్లలు విద్య పూర్తిచేసేసరికి నాటకానికి జనం కరువయ్యారు. సినిమా వచ్చి నాటకాన్ని మింగేసింది. విద్య ఉంది, వేదిక లేదు. వాళ్లంతా స్టంట్లు చేయడానికి సినిమా కంపెనీల వాకిట నిలబడ్డారు. మేడ మీదనుంచి దూకడం, దెబ్బలు తినడం, నాయకుడి బదులు పిల్లిమొగ్గ వేయడం వాళ్ల పని. యువెన్ వా బ్రూస్ లీకి బదులుగా గాలిలో గిరికీలు కొట్టాడు. లామ్ చింగ్-యింగ్ బ్రూస్ లీ చిత్రాల్లో ఫైట్ల ఏర్పాటుకు సహాయకుడిగా పనిచేశాడు. వీళ్ల ముఖాలు ప్రేక్షకులకు తెలియవు. ఒళ్లు మాత్రం తెలుసు.

ఈ మూడు పాయలూ కలిసిన చోట పుట్టింది మన గెంతే శవాల సినిమా. ఒక్కసారిగా కుదరలేదు. 1974లో ఇంగ్లండుకు చెందిన హామర్ కంపెనీ, హాంగ్‌కాంగ్‌కు చెందిన షా బ్రదర్స్ కలిసి "ఏడు బంగారు పిశాచాలు" అనే చిత్రం తీశారు. ఇంగ్లీషు నటుడు పీటర్ కషింగ్ చైనాలో పిశాచాలతో పోరాడే పాత్ర వేశాడు. అటు పిశాచి, ఇటు కుంగ్‌ఫూ.  కానీ నవ్వించే దయ్యం అందులో లేదు. 1979లో లావ్ కర్-లియాంగ్ అనే దర్శకుడు శవాలను ఊళ్లకు చేర్చే మంత్రగాడి మీద ఒక హాస్యచిత్రం తీశాడు. 1980లో సామో హంగ్ స్వయంగా నటిస్తూ, దర్శకత్వం వహిస్తూ ఒక చిత్రం తెచ్చాడు. చైనా భాషలో దాని పేరుకు "దయ్యాన్ని దయ్యం కొట్టింది" అని అర్థం.

ఆ చిత్రంలో ఒక ఘట్టం చెబుతాను. హీరో ధైర్యం గల లావుపాటి బండివాడు. పందెం కట్టి పాడుబడ్డ చోట శవపేటిక పక్కన రాత్రి గడపాలి. శవం లేచినప్పుడల్లా పేటికలోకి కోడిగుడ్డు విసిరితే అది పడుకుంటుందని ఒక మంత్రగాడు చెబుతాడు. గుడ్లు కొని తెచ్చుకుంటాడు. విసురుతున్నాడు, శవం పడుకుంటోంది. అంతా బాగానే ఉంది. మధ్యలో ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది. కారణం, అమ్మినవాడు కోడిగుడ్లలో బాతుగుడ్లు కలిపాడు!

శ్రోతలారా, నవ్వు ఎక్కడ పుట్టిందో గమనించండి. దయ్యాన్ని చూసి మనం నవ్వలేదు. దుకాణదారు కక్కుర్తి చూసి నవ్వాం. మంత్రం నిజం, శవం నిజం, కల్తీ కూడా నిజం.

ఆ సామో హంగ్ నిర్మాతగా, రికీ లావ్ దర్శకుడిగా 1985 నవంబరులో విడుదలైన చిత్రం "మిస్టర్ వాంపైర్". చైనా పేరును మన మాటలో చెప్పాలంటే "పిశాచంగారు". గురువు పాత్రకు లామ్ చింగ్-యింగ్. పెద్ద శిష్యుడు చిన్ సియు-హో. రెండో శిష్యుడు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న రికీ హుయి. లేచి గెంతే శవం యువెన్ వా. నాటకశాల విద్య, కాంటనీసు హాస్యం, పల్లె నమ్మకం ఒక్కచోట చేరాయి. గురువుగారి నివాసం ఏమిటనుకున్నారు? సొంత ఊరు చేరవలసిన శవాలు దారిలో ఆగే విడిది. ఇందాక చెప్పుకున్న విడిదిలాంటిదే. చిత్రం మొదట్లో ఇంకొక పూజారి నడిపించే, నుదుట పసుపు కాగితాలున్న శవాల వరస అక్కడే ఆగి ఉంటుంది.

కథ ఇది. ఊళ్లో ఒక ధనికుడు తన తండ్రి సమాధి తవ్వి, మరోచోట పాతిపెట్టించాలనుకుంటాడు. తవ్వి చూస్తే 20 ఏళ్లయినా శవం చెడలేదు. విషయం ఆరా తీస్తే, ఆ తండ్రి ఒకప్పుడు ఒక వాస్తు పండితుణ్ణి బెదిరించి ఆ స్థలం లాక్కున్నాడని, ఆ పండితుడు కసితో సమాధిని తప్పుగా కట్టించాడని తేలుతుంది. అంటే తండ్రి చేసిన అన్యాయమే పిశాచమై లేచి, కొడుకు ఇంటికే మొదట వెళుతుంది.

శవం లేవకుండా గురువు ఉపాయం చెబుతాడు. వడ్రంగులు చెక్క మీద గీత కొట్టే సిరా దారం ఉంటుంది కదా, ఆ దారంతో శవపేటిక అంతటా గీతలు కొట్టమని శిష్యులకు పురమాయిస్తాడు. వాళ్లు కబుర్లాడుకుంటూ పైన కొట్టారు, పక్కల కొట్టారు. అడుగున కొట్టడం మరిచారు. ఆ తరువాత రెండో శిష్యుడికి పిశాచం గోళ్లు గుచ్చుకుంటాయి. జిగురు బియ్యం తెమ్మని పెద్ద శిష్యుణ్ణి పంపితే, వ్యాపారి మామూలు బియ్యం కలిపి అమ్ముతాడు. బాతుగుడ్ల తమ్ముడే ఈ బియ్యం. బడిలో పిల్లలకు లెక్క చెబుతూ నేను తరచు అంటుంటాను, జవాబు తప్పడానికి పెద్ద తప్పు అక్కరలేదు, ఒక్క మెట్టు మరిస్తే చాలని. ఈ చిత్రం గంటన్నరసేపూ ఆ పాఠమే నవ్వుతూ చెబుతుంది.

గురువును కూడా వదల్లేదు. మంత్రం, కత్తి, శాస్త్రం అన్నీ తెలిసిన ఆయన్ను ధనికుడు విదేశీ ఫలహారశాలకు పిలుస్తాడు. కాఫీ వేరుగా, పాలు వేరుగా తెచ్చి పెడతారు. ఎలా తాగాలో ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకోలేడు. పక్కనే పట్నంలో చదువుకున్న ధనికుడి కూతురు చిరునవ్వు నవ్వుతూ ఆట పట్టిస్తుంది. ఒక్కమాట డైలాగు లేకపోయినా ఆ ఘట్టం అర్థమవుతుంది. అయితే ఒకటి చూడండి. ఆయన విద్యను ఎవరూ వెక్కిరించరు. పిశాచం వచ్చినప్పుడు ఆ విద్యే దిక్కవుతుంది.

లామ్ చింగ్-యింగ్‌కు అప్పటికి 33 ఏళ్లు కూడా నిండలేదు. రెండు కనుబొమ్మలూ కలిసిపోయినట్టు రంగు వేసి ఆయనకు పెద్దరికం తెచ్చారు. చుట్టూ అందరూ గంతులేస్తుంటే ఆయన ఒక్కసారి కూడా నవ్వడు. ఆడవేషాలతో నేర్చిన ఆ కొలత తప్పని కదలిక, ముఖంలో ఆ నిబ్బరం, ఇవే చిత్రానికి ఇరుసు. గురువు నవ్వితే భయం పోతుంది. భయం పోతే నవ్వు కూడా పోతుంది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎంత అల్లరి చేసినా రాముడి బొమ్మ గంభీరంగానే ఉంటుంది. రాముడు కూడా కేతిగాడిలా గెంతితే ఆట చెడుతుంది. ఆ సంగతి మన బొమ్మలాటవాళ్లకూ తెలుసు, ఈ హాంగ్‌కాంగ్‌వాళ్లకూ తెలుసు.

"మిస్టర్ వాంపైర్" హాంగ్‌కాంగ్‌లోనే 2 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకు పైగా వసూలు చేసింది. ఇక వరద మొదలైంది. 1986, 1987, 1988 సంవత్సరాల్లో ఏటా ఒక తరువాయి భాగం వచ్చింది. తైవానులో పిల్లల కోసం పిల్ల జియాంగ్‌షిలను పెట్టి చిత్రాలు తీశారు. జపానులో క్యోన్‌షీ అనే పేరుతో ఇవి పిల్లల్ని వెర్రెత్తించాయి. 1989లో లామ్ చింగ్-యింగ్ తానే దర్శకత్వం వహించిన చిత్రంలో చైనా మంత్రగాడికీ పడమటి పిశాచికీ పోటీ పెట్టాడు. మంత్రించిన పసుపు కాగితం ఆ పిశాచి మీద పనిచేయదు. పాపం, దానికి చైనా భాష రాదు మరి!

వరద వచ్చినచోట బురద కూడా వస్తుంది. అనుకరణలు పెరిగాయి. గెంతు ఉంది, నియమం లేదు. గోల ఉంది, నవ్వు లేదు. 1990ల మధ్యకు జనం విసిగారు. లామ్ చింగ్-యింగ్‌ను ఆ పసుపు అంగీ వదల్లేదు. ఎక్కడికి పోయినా అదే పాత్ర. 1995లో టెలివిజన్ ధారావాహికలో కూడా అదే వేషం. 1997 నవంబరు 8న, 44 ఏళ్ల వయసులో, కాలేయ క్యాన్సరుతో కన్నుమూశాడు. రికీ హుయి 2011లో, అదే నవంబరు 8న పోయాడు. 2013లో జూనో మాక్ అనే యువ దర్శకుడు ఆ పాత చిత్రాల మీద అభిమానంతో "రిగర్ మార్టిస్" తీశాడు. అందులో చిన్ సియు-హో, పేరు మాసిపోయిన ఒక నటుడిగా తన సొంత పేరుతోనే నటించాడు. అది నవ్వించే చిత్రం కాదు. నవ్వు తీసేస్తే ఆ కథలో ఎంత దుఃఖం మిగులుతుందో అందులో కనిపిస్తుంది.

ఈ చిత్రాలకు కొందరు విమర్శకులు మరో అర్థం చెప్పారు. హాంగ్‌కాంగ్‌ను 1997లో చైనాకు అప్పగించాలని బ్రిటన్, చైనా 1984 డిసెంబరులో ఒప్పందం చేసుకున్నాయి. పదకొండు నెలలకు "మిస్టర్ వాంపైర్" వచ్చింది. పిశాచం వేసుకున్నది పాత చింగ్ రాజవంశపు అధికారి దుస్తులు. గతం లేచి గెంతుతూ తలుపు తడుతుందన్న భయమే అందులో ఉందని వారి మాట. కాదనలేం. కానీ హాలులో కూర్చున్న కూలివాడు ఒప్పందాల గురించి ఆలోచించి నవ్వి ఉంటాడని నేను అనుకోను. బాతుగుడ్డు చూసి నవ్వాడు. రేపేమవుతుందో తెలియని ఊళ్లో గంటన్నరసేపు అందరూ కలిసి ఒకే చోట ఊపిరి బిగబట్టి, ఒకేసారి వదిలారు. వినోదానికి ఇంతకంటే విలువ ఏం కావాలి?

"ఇవి మూఢనమ్మకాలను పెంచవా?" అని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నే. దయ్యం పట్టిందని వైద్యుడి దగ్గరకు తీసుకుపోకుండా మనుషుల్ని చంపుకున్న ఉదంతాలు మనమూ విన్నాం. అయితే నమ్మకాన్ని పెంచేది గుసగుస. చీకట్లో చెవిలో చెప్పే మాట. పదిమందీ వెలుగులోకి తెచ్చి నవ్వుకున్న దయ్యానికి కోరలు ఉండవు. జియాంగ్‌షిలా గెంతుతూ ఆడుకున్న పిల్లవాడు మరునాడు చీకటిగదిలోకి మంచినీళ్లకు వెళ్లగలడు. పిల్లలకు చెప్పవలసింది ఒక్కటే: ఇది కథ, ఈ కథకు ఈ నియమాలు, ఒంట్లో బాగాలేకపోతే జిగురు బియ్యం కాదు, ఆసుపత్రి.

చివరగా ఒక్క మాట. తెర మీద చోటు లేకుండా పోయిన కాంటనీసును హాస్యం నిలబెట్టింది. జనం వదిలేసిన నాటకవిద్యను స్టంటు కుర్రవాళ్లు ఒంట్లో దాచుకుని తెచ్చారు. ఊరు చేరని బాటసారుల బాధ గెంతే శవం వేషంలో బతికింది. వీటిని కాపాడాలని ఎవరూ సభ పెట్టలేదు, తీర్మానం చేయలేదు. జనం నవ్వుతూ చూశారు, చూస్తూ నిలుపుకున్నారు. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో చదువుకుని ఇంటికి వస్తారు. చదవడం మంచిదే, నేనూ ఆ రెండు భాషల మధ్య బతికేవాణ్ణే. అయితే వాళ్లకు తెలుగు అంటే పద్యం అప్పజెప్పమని కూర్చోబెట్టే భాష మాత్రమే కాకూడదు. మీ ఇంట్లో అవ్వకు, తాతకు తప్పకుండా ఒక దయ్యం కథ తెలిసి ఉంటుంది. చింతచెట్టు కింద ఎవరో పరుగెత్తిన కథ, తెల్లారి చూస్తే అది పంచె ఆరేసిన కొమ్మ అని తేలిన కథ. ఈ రాత్రి అన్నాలయ్యాక ఆ కథ చెప్పించండి. పిల్లలు ముందు భయపడతారు, తరువాత నవ్వుతారు, రేపు బడిలో మరొకరికి చెబుతారు. చెప్పేటప్పుడు ఏ భాషలో చెబుతారో మాత్రం గమనించండి.